ఓవర్‌క్లాకింగ్‌లో మిగులు ఎటు పోయింది? ఇంటి కంప్యూటర్ వేగం వెనుక ఉన్న లెక్క

సంక్షిప్తంగా: పాతికేళ్ల క్రితం ఒక చౌక ప్రాసెసర్‌ను దాని మీద రాసిన వేగం కంటే 50 శాతం ఎక్కువ వేగంతో నడపగలిగేవారు; ఇలా నడపడాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఇప్పుడు ఖరీదైన ప్రాసెసర్‌లోనూ నాలుగైదు శాతం రాబట్టడం కష్టం. ఒకప్పుడు కొనుగోలుదారుకు మిగిలిపోయే ఆ తేడాను ఇప్పుడు తయారీదారులే ఆటోమేటిక్ బూస్ట్ ద్వారా ముందుగా వాడేస్తున్నారు. అందువల్ల ఈ అభిరుచిలో క్లాక్ పెంచడానికి ఉన్న ప్రాధాన్యం తగ్గింది. వోల్టేజీ తగ్గించడం, మెమరీని సరిదిద్దడం, వేడిని అదుపు చేయడం, అన్నిటికీ మించి ఓపికగా పరీక్షించడం ముందుకు వచ్చాయి.

విడిభాగాలు ఎంచుకుని ఇంట్లో కంప్యూటర్‌ను స్వయంగా అసెంబుల్ చేసుకునేవారి మధ్య ఓవర్‌క్లాకింగ్ గురించి రెండు విరుద్ధమైన మాటలు వినిపిస్తుంటాయి. ఆ రోజులు పోయాయని, ఇప్పుడు ప్రాసెసర్ తన వేగాన్ని తానే చూసుకుంటుందని ఒక వాదన. బయాస్‌లో (మదర్‌బోర్డు అమరికలను మార్చే ప్రోగ్రాములో) నాలుగు అంకెలు మార్చకపోతే డబ్బు పెట్టి కొన్న సామర్థ్యంలో కొంత వృథాగా పడి ఉన్నట్టేనని మరొకటి. 2023, 2024 సంవత్సరాల్లో రెండు ప్రధాన కంపెనీలైన ఇంటెల్, ఏఎండీల ప్రాసెసర్లలోనూ వోల్టేజీకి సంబంధించిన సమస్యలు బయటపడి, స్వయంగా క్లాక్ జోలికి వెళ్లని వినియోగదారులు సైతం ఇబ్బంది పడటంతో ఈ గందరగోళం ఇంకా పెరిగింది. రెండు వాదనల్లోనూ కొంత నిజం ఉంది. ఏది ఎంతవరకు నిజమో తేలాలంటే చిప్ లోపల వేగానికి, వోల్టేజీకి, వేడికి ఉన్న సంబంధం నుంచి మొదలుపెట్టాలి.

వేగానికి అడ్డుపడేది ఏమిటి

ప్రాసెసర్‌లో ప్రతి పనీ క్లాక్ సంకేతానికి లోబడి జరుగుతుంది. ఒక టిక్‌కూ తర్వాతి టిక్‌కూ మధ్య, విద్యుత్ సంకేతం ఒక రిజిస్టర్ (విలువను నిలిపి ఉంచే చిన్న గడి) నుంచి బయలుదేరి, వరుసగా ఉన్న అనేక ట్రాన్సిస్టర్లను దాటి, మరో రిజిస్టర్‌కు చేరాలి. 5 గిగాహెర్ట్జ్ వేగంలో ఈ ప్రయాణానికి దొరికే వ్యవధి 200 పికోసెకన్లు, అంటే సెకనులో 500 కోట్లో వంతు. చిప్‌లోని దారులన్నిటిలో అత్యంత ఆలస్యమయ్యే దారి కూడా ఈ వ్యవధిలో పూర్తయితేనే ఫలితం సరిగ్గా నమోదవుతుంది. లేకపోతే ఒకటికి బదులు సున్నా నమోదు కావచ్చు. ఆ తప్పుడు బిట్ ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి కంప్యూటర్ హ్యాంగ్ కావచ్చు, బ్లూ స్క్రీన్ రావచ్చు, లేదా పైకి ఏమీ జరగనట్టే ఉండి ఒక ఫైలు లోపల ఏదో ఒక విలువ మారిపోవచ్చు. మూడింటిలో చివరిదే అత్యంత ప్రమాదకరమైనది.

వోల్టేజీ పెంచితే ట్రాన్సిస్టర్లు ఇంకా చురుగ్గా స్విచ్ అవుతాయి, సంకేతం త్వరగా గమ్యం చేరుతుంది, క్లాక్‌ను మరికొంత పెంచే వీలు కలుగుతుంది. దీనికి చెల్లించే మూల్యం విద్యుత్తు, వేడి. స్విచ్ అవుతున్న సర్క్యూట్ వాడే విద్యుత్తు క్లాక్‌కు అనులోమంగా, వోల్టేజీ వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. ఒక ఉదాహరణ తీసుకుంటే, 1.10 వోల్టుల వద్ద 4.8 గిగాహెర్ట్జ్‌తో స్థిరంగా నడిచే చిప్‌కు 5.1 గిగాహెర్ట్జ్ కోసం 1.25 వోల్టులు అవసరమైందనుకుందాం. వేగం దాదాపు 6 శాతం పెరిగింది. వోల్టేజీ వర్గం 29 శాతం పెరిగింది. రెండూ కలిపితే విద్యుత్ వినియోగం సుమారు 37 శాతం ఎక్కువవుతుంది. ట్రాన్సిస్టర్లు ఆగి ఉన్నప్పుడు సైతం కారిపోయే లీకేజీ కరెంటు ఈ లెక్కలో లేదు. అది వోల్టేజీతోనూ, ఉష్ణోగ్రతతోనూ పెరుగుతుంది కనుక అసలు భారం ఇంకా ఎక్కువే. వేడెక్కిన చిప్‌లో లీకేజీ ఎక్కువ, లీకేజీ ఎక్కువైతే వేడి ఎక్కువ; కూలర్ తగినంత శక్తిమంతంగా లేకపోతే ఈ వలయం చివరికి చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకునే స్థితికి చేరుతుంది.

ఇక్కడ గమనించాల్సింది, ఏ వేగానికి ఎంత వోల్టేజీ కావాలో చూపే వక్రరేఖ ఆకారం. తక్కువ వేగాల దగ్గర వోల్టేజీని కొద్దిగా పెంచితే క్లాక్ బాగా పెరుగుతుంది. పైకి వెళ్లేకొద్దీ రేఖ నిటారుగా మారి, ప్రతి 100 మెగాహెర్ట్జ్‌కూ మునుపటి కంటే ఎక్కువ వోల్టేజీ అడుగుతుంది. ఓవర్‌క్లాకింగ్ లాభదాయకమా అన్న ప్రశ్నకు సమాధానం, చిప్‌ను ఆ రేఖ మీద ఏ బిందువు దగ్గర నిలిపి అమ్ముతున్నారన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. మిగతా చర్చ అంతా దీని చుట్టూ తిరిగేదే.

మిగులు ఉన్న కాలం

ఒకే సిలికాన్ పలక నుంచి కోసిన చిప్‌లన్నీ ఒకేలా ఉండవు. కొన్ని తక్కువ వోల్టేజీతో ఎక్కువ వేగాన్ని అందుకుంటాయి, కొన్ని అందుకోలేవు. తయారీదారు ప్రతి చిప్‌ను పరీక్షించి, వేర్వేరు వేగాల మోడళ్లుగా విడదీస్తాడు. ఈ ప్రక్రియనే బిన్నింగ్ అంటారు. వేసవిలో ఎండకు కాగే గదిలో, నాణ్యత తక్కువ మదర్‌బోర్డు మీద, ఏళ్ల తరబడి వాడాక కూడా చిప్ తప్పు చేయకూడదు కాబట్టి, దర్జీ కుట్టు లోపల అదనపు గుడ్డ మడిచి వదిలినట్టు, పరీక్షలో తేలిన దాని కంటే కొంత తక్కువ వేగాన్నే చిప్ మీద రాసేవారు. దీనికి తోడు మార్కెట్ కారణం ఒకటి ఉండేది. తయారీ పద్ధతి పరిణతి చెందేకొద్దీ ఎక్కువ చిప్‌లు అధిక వేగాలకు పనికొచ్చేవి, గిరాకీ మాత్రం చౌక మోడళ్లకే ఎక్కువగా ఉండేది. దాంతో బాగా పరిగెత్తగల చిప్‌ల మీద కూడా తక్కువ వేగం ముద్ర పడేది.

1998 ఆగస్టులో వచ్చిన సెలెరాన్ 300ఎ దీనికి ప్రామాణిక ఉదాహరణ. 66 మెగాహెర్ట్జ్ బస్ (ప్రాసెసర్‌ను బోర్డుతో కలిపే దారి) వేగాన్ని 4.5తో హెచ్చించి 300 మెగాహెర్ట్జ్‌తో నడిచేలా దాన్ని అమ్మారు. అప్పటికే మదర్‌బోర్డులు 100 మెగాహెర్ట్జ్ బస్‌ను అందిస్తున్నాయి. బస్ ఒక్కటి మారిస్తే ఆ చిప్ 450 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. చాలా చిప్‌లు అందుకు అభ్యంతరం చెప్పేవి కావు. ఆ సమయంలో ఇంటెల్ ఇంటి వినియోగదారులకు అమ్ముతున్న అత్యంత వేగవంతమైన పెంటియం 2 కూడా 450 మెగాహెర్ట్జ్‌దే. సెలెరాన్‌లో క్యాష్ (తరచూ వాడే డేటాను ప్రాసెసర్ దగ్గర ఉంచే చిన్న మెమరీ) 128 కిలోబైట్లే అయినా అది చిప్‌లోనే ఉండి పూర్తి వేగంతో పనిచేసేది, పెంటియం 2లోని 512 కిలోబైట్ల క్యాష్ సగం వేగంతో నడిచేది. కాబట్టి చౌక చిప్ చాలా పనుల్లో ఖరీదైన దానికి దీటుగా నిలిచింది. ఓవర్‌క్లాకింగ్ ఒక విస్తృతమైన అభిరుచిగా మారడానికి ఇలాంటి చిప్‌లే ముఖ్య కారణం.

2000 ప్రాంతంలో ఏఎండీ థండర్‌బర్డ్ అథ్లాన్, డ్యూరాన్ చిప్‌ల పైభాగంలో తెంచి ఉంచిన సన్నని వంతెనలను మామూలు పెన్సిల్ గ్రాఫైటుతో కలిపి మల్టిప్లయర్, అంటే బస్ వేగాన్ని హెచ్చించే అంకె మీద వేసిన తాళాన్ని తెరిచేవారు. 2007లో వచ్చిన కోర్ 2 క్వాడ్ క్యూ6600 మరో మైలురాయి. దాని 266 మెగాహెర్ట్జ్ బస్‌ను 333కు మారిస్తే 2.4 గిగాహెర్ట్జ్ చిప్ 3 గిగాహెర్ట్జ్‌కు చేరేది, అంటే 25 శాతం లాభం, తరచూ వోల్టేజీ పెద్దగా పెంచకుండానే.

తాళం పడిన సందర్భం

2011 జనవరిలో వచ్చిన శాండీ బ్రిడ్జ్ తరంతో ఇంటెల్ ఈ దారిని దాదాపు మూసేసింది. అంతకుముందు బస్ వేగాన్ని మిగతా భాగాలతో సంబంధం లేకుండా పెంచే వీలుండేది. శాండీ బ్రిడ్జ్‌లో క్లాక్ జనరేటర్ మదర్‌బోర్డు మీది సహాయక చిప్ అయిన చిప్‌సెట్‌లో కలిసిపోయి, 100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్ ఒక్కటే ప్రాసెసర్‌తో పాటు, గ్రాఫిక్స్ కార్డును, డిస్కులను కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్, సాటా వంటి వాటన్నిటికీ ఆధారమైంది. దాన్ని కొద్ది శాతం మించి కదిపితే డిస్కులోని డేటా పాడయ్యే ప్రమాదం వచ్చింది. మల్టిప్లయర్‌ను మార్చే హక్కును పేరు చివర కె అక్షరం ఉన్న మోడళ్లకు, జెడ్ లేదా పి శ్రేణి చిప్‌సెట్ ఉన్న బోర్డులకు పరిమితం చేశారు. చౌక చిప్‌ను కొని ఖరీదైన దాని పని చేయించడమనే మూల ఆకర్షణ ఆ విధంగా తెగిపోయింది. ఓవర్‌క్లాకింగ్ అప్పటి నుంచి అదనపు ధర చెల్లించి కొనుక్కునే సౌకర్యంగా మారింది. 2015 చివర్లో కొన్ని మదర్‌బోర్డు కంపెనీలు స్కైలేక్ తరం మామూలు చిప్‌లను బేస్ క్లాక్ ద్వారా పెంచే మార్గం కనిపెట్టినా, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి నియంత్రణ ప్రోగ్రాము) మార్పులతో ఆ దారి త్వరలోనే మూతపడింది. ఏఎండీ 2017లో రైజెన్ మొదటి తరం చిప్‌లన్నిటినీ తాళం లేకుండా వదలడం ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది.

అయితే తాళం మాత్రమే కారణమని చెప్పడం సరికాదు. తాళం లేని శాండీ బ్రిడ్జ్ చిప్‌లు గొప్పగా పెరిగాయి. 3.3 గిగాహెర్ట్జ్ బేస్, 3.7 గిగాహెర్ట్జ్ టర్బో వేగాలు గల కోర్ ఐ5-2500కె అనేక ఇళ్లలో 4.5 గిగాహెర్ట్జ్‌తో ఏళ్ల తరబడి నడిచింది. ఈనాటి చిప్‌లలో తాళం లేకపోయినా అలాంటి పెరుగుదల దొరకదు. కారణం మరింత లోతైనది.

భౌతికశాస్త్రం పెట్టిన హద్దు

1974లో రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు వివరించిన సూత్రం ప్రకారం, ట్రాన్సిస్టర్ పరిమాణం తగ్గినప్పుడు వోల్టేజీ కూడా అదే నిష్పత్తిలో తగ్గితే, చదరపు మిల్లీమీటరుకు వెలువడే వేడి మారదు, వేగం మాత్రం పెరుగుతుంది. దశాబ్దాల పాటు పరిశ్రమ దీని మీదే నడిచింది. 1993లో మొదటి పెంటియం 60, 66 మెగాహెర్ట్జ్ వేగాలతో వచ్చింది. 2004లో పెంటియం 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్‌కు చేరింది. పదకొండేళ్లలో 57 రెట్లు. ఆ తర్వాత లీకేజీ కారణంగా వోల్టేజీని తగ్గించడం సాధ్యపడక ఆ సూత్రం పనిచేయడం ఆగింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను తెస్తామన్న ఇంటెల్, 2004లోనే ఆ ప్రయత్నాన్ని విరమించుకుంది. పెట్టెలోంచి తీయగానే 6 గిగాహెర్ట్జ్ అందుకునే ఇంటి ప్రాసెసర్ కోర్ ఐ9-13900కెఎస్ రూపంలో 2023 జనవరిలో వచ్చింది. అంటే తర్వాతి పద్దెనిమిదేళ్లలో గరిష్ఠ క్లాక్ రెట్టింపు కూడా కాలేదు.

క్లాక్ తేలిగ్గా పెరగని పరిస్థితిలో, పోటీలో ఉన్న కంపెనీలకు ప్రతి 100 మెగాహెర్ట్జ్ విలువైనదైంది. కుట్టు లోపల దాచిన గుడ్డను బయటికి తీయడం అప్పుడే మొదలైంది.

ఫ్యాక్టరీలోనే జరిగే ఓవర్‌క్లాకింగ్

2008 చివర్లో నెహేలమ్ తరంతో ఇంటెల్ టర్బో బూస్ట్‌ను ప్రవేశపెట్టింది. ఉష్ణోగ్రత, కరెంటు, పనిచేస్తున్న కోర్ల సంఖ్యను చూసి, పరిమితుల్లో ఖాళీ ఉంటే చిప్ తన వేగాన్ని తానే పెంచుకోవడం దీని సారాంశం. గ్రాఫిక్స్ కార్డుల్లో ఎన్విడియా 2012లో జీపీయూ బూస్ట్ పేరుతో ఇదే పద్ధతిని తెచ్చింది. ఏఎండీ రైజెన్ చిప్‌లు మరింత సూక్ష్మంగా, సెకనులో అనేకసార్లు, 25 మెగాహెర్ట్జ్ మెట్లలో వేగాన్ని సవరించుకుంటాయి. ఒకప్పుడు వినియోగదారు రోజుల తరబడి చేసిన వెతుకులాటను ఇప్పుడు చిప్‌లోని సెన్సర్లు, ఫర్మ్‌వేర్ ప్రతి క్షణం చేస్తున్నాయి. పైగా అవి కోర్ కోర్‌కూ వేరుగా, పని స్వభావాన్ని బట్టి చేస్తాయి. అన్ని కోర్లకూ ఒకే వేగాన్ని చేత్తో స్థిరపరిచే పాత పద్ధతి ఈ తరంలో తరచూ నష్టదాయకం కావడానికి కారణం ఇదే: ఒకటి రెండు కోర్లే పనిచేసే సందర్భాల్లో ఫ్యాక్టరీ బూస్ట్ అందుకునే శిఖరాన్ని ఆ స్థిర వేగం అందుకోలేదు.

ఈ మార్పు విద్యుత్ అంకెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. కోర్ ఐ9-13900కెకు ఇంటెల్ ఇచ్చిన బేస్ పవర్ 125 వాట్లు, గరిష్ఠ టర్బో పవర్ 253 వాట్లు. ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ భారమైన పనిలో 95 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లి అక్కడే నిలబడేలా రూపొందింది. పాత అలవాటుతో చూసేవారికి ఆ ఉష్ణోగ్రత లోపంగా తోచినా, డిజైన్ ప్రకారం అది మామూలు స్థితి. ఆ చిప్‌లో ఎనిమిదేసి కోర్లు సుమారు 70 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ ముక్క ఒక్కోదానిలో ఇమిడి ఉంటాయి. అంత చిన్న జాగా నుంచి వేడిని పైనున్న లోహపు మూతకు చేర్చడమే కష్టం కాబట్టి, కూలర్‌ను ఎంత పెద్దది చేసినా ఒక దశ తర్వాత ఫలితం ఉండదు. మంచి చిప్‌లను పరీక్షించి ఏరి అమ్మడమే వ్యాపారంగా నడిచిన సిలికాన్ లాటరీ అనే సంస్థ 2021లో మూతపడటం ఈ పరిణామానికి తగిన గుర్తు.

మిగులు తగ్గించి అమ్మడంలో ఉన్న ప్రమాదం 2024లో బయటపడింది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని కొంతకాలం వాడాక అస్థిరంగా మారాయి. మైక్రోకోడ్ లోపం వల్ల చిప్ అవసరానికి మించిన వోల్టేజీని కోరడం ప్రధాన కారణాల్లో ఒకటని ఇంటెల్ తేల్చింది. అధిక వోల్టేజీ, వేడి కలిసి కోర్లలోని క్లాక్ సర్క్యూట్‌ను ముందుగానే వృద్ధాప్యానికి గురిచేస్తున్నాయని, దాంతో స్థిరంగా నడవడానికి కావలసిన కనీస వోల్టేజీ పెరిగిపోతోందని వివరించింది. ఆగస్టు నుంచి మైక్రోకోడ్ సవరణలు విడుదల చేసి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. సవరణ కొత్త నష్టాన్ని ఆపగలదు, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగుచేయలేదు. మదర్‌బోర్డు కంపెనీలు డిఫాల్ట్‌గానే విద్యుత్ పరిమితులను ఎత్తేసి అమ్మడం కూడా అదే సమయంలో చర్చకు వచ్చింది. బయాస్‌ను ఒక్కసారైనా తెరవని వ్యక్తి కంప్యూటర్ సైతం ఓవర్‌క్లాక్ అయి ఉండవచ్చన్నది దీని నుంచి తేలే ముఖ్య విషయం.

దిశ మారిన అభిరుచి: అండర్‌వోల్టింగ్

చిప్ వక్రరేఖ చివరి అంచున నిలబడి ఉన్నప్పుడు పైకి వెళ్లడం కంటే కిందికి దిగడంలోనే ఎక్కువ లాభం ఉంది. ఫ్యాక్టరీ నిర్ణయించే వోల్టేజీ ఆ మోడల్‌లో అమ్ముడయ్యే చిప్‌లలో బలహీనమైన వాటికి కూడా సరిపోవాలి కనుక, సగటు చిప్‌కు అందులో కొంత అనవసరం. అదే వేగం వద్ద వోల్టేజీని 1.20 నుంచి 1.10కి తగ్గించగలిగితే విద్యుత్ వినియోగం సుమారు 16 శాతం తగ్గుతుంది. బూస్ట్ పద్ధతిలో విద్యుత్తు, వేడి పరిమితులే వేగాన్ని నిర్ణయిస్తాయి కాబట్టి, అలా మిగిలిన వాట్లను చిప్ తిరిగి క్లాక్‌గా మార్చుకుంటుంది. వోల్టేజీ తగ్గించగా వేగం పెరగడం అనే విడ్డూరమైన ఫలితం ఇందువల్లే వస్తుంది.

రైజెన్ 5000 తరంతో వచ్చిన కర్వ్ ఆప్టిమైజర్ ఈ పనికి ఉద్దేశించిన సాధనం. ప్రతి కోర్‌కూ విడిగా వోల్టేజీ రేఖను మెట్టు మెట్టుగా కిందికి జరిపే వీలు ఇందులో ఉంది. మంచి కోర్లు ఎక్కువ తగ్గింపును తట్టుకుంటాయని చాలామంది ఊహిస్తారు, కానీ తరచూ జరిగేది దీనికి వ్యతిరేకం. ఫ్యాక్టరీ ఉత్తమమైనవిగా గుర్తించిన కోర్లకు ముందే బిగుతైన వోల్టేజీ కేటాయించి, వాటినే అత్యధిక వేగానికి పంపుతుంది కనుక వాటిలో తగ్గించడానికి మిగిలేది కొద్దే.

గ్రాఫిక్స్ కార్డుల్లో ఈ లాభం ఇంకా ప్రస్ఫుటంగా ఉంటుంది. 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 వంటి కార్డులో పవర్ లిమిట్‌ను నాలుగో వంతు తగ్గించినా గేముల్లో కోల్పోయే వేగం ఆ నిష్పత్తిలో ఉండదు, చాలా తక్కువగా ఉంటుంది. ఫ్యాన్ల చప్పుడు, గదిలో వేడి, విద్యుత్ ఖర్చు మాత్రం వెంటనే తగ్గుతాయి. మొదటిసారి ఈ రంగంలోకి వచ్చేవారికి అన్నిటికంటే తేలికైన, ప్రమాదం లేని ప్రయోగం ఇదే.

మెమరీ: ఇప్పటికీ పండే పొలం

ప్రాసెసర్‌లో లేని మిగులు మెమరీలో కొంత ఉంది. డీడీఆర్5 ర్యామ్‌ను 6000 వేగంతో అని ప్యాకెట్ మీద రాసి అమ్మినా, బోర్డులో పెట్టగానే అది 4800 వంటి ప్రామాణిక వేగంతోనే మొదలవుతుంది. రాసిన వేగం రావాలంటే బయాస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే ముందే సిద్ధం చేసిన అమరికల ప్రొఫైల్‌ను ఎంచుకోవాలి. కంప్యూటర్ కొని ఏళ్లు గడిచినా ఈ ఒక్క అమరికను మార్చకుండా వాడుతున్నవారు తక్కువేమీ కాదు.

అంకెలను చదవడంలోనూ ఒక పొరపాటు సాధారణం. సీఎల్30 అంటే సీఎల్16 కంటే నెమ్మది అనుకుంటారు. మెమరీ నుంచి డేటా రావడానికి ఎన్ని క్లాక్ టిక్‌లు పడతాయన్నదే ఆ సంఖ్య, కాలం లెక్క వేరు. డీడీఆర్ మెమరీ ఒక్కో టిక్‌లో రెండుసార్లు డేటా పంపుతుంది కనుక 6000 వేగం గల డీడీఆర్5 అసలు క్లాక్ 3000 మెగాహెర్ట్జ్. 30 టిక్‌లకు పట్టే కాలం 10 నానోసెకన్లు. 3200 వేగం, సీఎల్16 ఉన్న డీడీఆర్4కూ 10 నానోసెకన్లే, 1600 వేగం, సీఎల్8 ఉన్న డీడీఆర్3కూ 10 నానోసెకన్లే. మూడు తరాల్లో పెరిగింది సెకనుకు తరలించగల డేటా పరిమాణం. మొదటి డేటా కోసం వేచి ఉండే కాలం దాదాపు అక్కడే ఉంది. పెద్ద క్యాష్ గల ప్రాసెసర్లు గేముల్లో ముందుండటానికి కారణం కూడా ఇదే. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ, తన మామూలు రూపం కంటే తక్కువ క్లాక్‌తో నడుస్తూ, మల్టిప్లయర్ తాళం వేసి ఉన్నా, 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్ బలంతో చాలా గేముల్లో దాన్ని దాటింది. క్లాక్ ఒక్కటే వేగం కాదని నిరూపించడానికి ఇంతకంటే మంచి పోలిక దొరకదు.

వేగంతో పాటు సమతూకం కూడా చూడాలి. రైజెన్ 7000 శ్రేణిలో 6000 చుట్టుపక్కల వరకు మెమరీ, దాని కంట్రోలర్ సమాన వేగంతో నడుస్తాయి; చాలా పైకి వెళ్తే కంట్రోలర్ సగం వేగానికి మారి, ప్యాకెట్ మీది అంకె పెరిగినా అసలు పని నెమ్మదించవచ్చు. ప్రొఫైల్ ఎంచుకోవడం కూడా ఓవర్‌క్లాకింగే అన్నది మరవకూడదు. 2023 వసంతంలో రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు కొన్ని సాకెట్‌తో సహా కాలిపోయిన ఘటనల్లో, ఎక్స్‌పో ప్రొఫైల్ పెట్టినప్పుడు బోర్డులు ఎస్ఓసీ వోల్టేజీని (చిప్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందే వోల్టేజీని) అతిగా పెంచడం ఒక కారణంగా తేలింది. ఆ వోల్టేజీ 1.3 వోల్టులు దాటకుండా ఏఎండీ ఫర్మ్‌వేర్‌లో కట్టడి పెట్టింది.

అసెంబుల్ చేసేటప్పుడే తేలే విషయాలు

బయాస్‌లో చేసే మార్పులకు హద్దును విడిభాగాల ఎంపిక ముందే నిర్ణయిస్తుంది. మదర్‌బోర్డులోని వీఆర్ఎం, పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒక వోల్టు పైచిలుకుకు దించుతుంది. 200 వాట్లు, 1.25 వోల్టులు అంటే 160 ఆంపియర్ల కరెంటు. హీట్‌సింక్ లేని చౌక వీఆర్ఎం ఈ భారం కింద వేడెక్కి, ప్రాసెసర్ చల్లగా ఉన్నా వేగాన్ని తగ్గించేలా చేస్తుంది. ఇంత కరెంటు ఒక్కసారిగా పెరిగినప్పుడు వోల్టేజీ కొంత కుంగడం సహజం. దాన్ని సరిచేసే లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ను గరిష్ఠానికి పెడితే, భారం తొలగిన క్షణంలో వోల్టేజీ నిర్ణీత స్థాయిని మించి ఎగసి, ఏ సాఫ్ట్‌వేర్ మీటరులోనూ కనిపించకుండా చిప్‌కు హాని చేయవచ్చు. మధ్యస్థ స్థాయి చాలు.

పవర్ సప్లై విషయంలో సగటు వాట్ల కంటే క్షణిక తాకిడే ముఖ్యం. ఆధునిక గ్రాఫిక్స్ కార్డులు సూక్ష్మ వ్యవధుల్లో తమ పరిమితి కంటే ఎంతో ఎక్కువ విద్యుత్తు లాగుతాయి. అందుకే ఏటీఎక్స్ 3.0 ప్రమాణం పవర్ సప్లై 100 మైక్రోసెకన్ల పాటు తన సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని తట్టుకోవాలని కోరుతుంది. కూలర్ గురించి ఒక్క మాట: అది గది గాలి కంటే చిప్ ఎంత వేడిగా ఉంటుందో మాత్రమే నిర్ణయించగలదు. గది పది డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. చల్లని రోజున పరీక్షించి ఖరారు చేసిన అమరిక ఎండాకాలంలో విఫలం కావడం ఇందువల్లే. క్యాబినెట్‌లో గాలి వచ్చే దారి, పోయే దారి సరిగా లేకపోతే ఖరీదైన వాటర్ కూలర్ కూడా వేడి గాలినే వాడుకుంటుంది.

స్థిరత్వం అంటే ఏమిటి

ఈ అభిరుచిలో నైపుణ్యాన్ని కొలవదగింది పరీక్షించే తీరులోనే. పాత పద్ధతిలో ప్రైమ్95 వంటి భారమైన ప్రోగ్రామును రాత్రంతా నడిపి, ఉదయానికి లోపం లేకపోతే సరే అనుకునేవారు. అన్ని కోర్లకూ ఒకే వేగం, ఒకే వోల్టేజీ ఉన్న రోజుల్లో అది సబబే. కర్వ్ ఆప్టిమైజర్ కాలంలో అది చాలదు. పూర్తి భారం కింద చిప్ వేగం విద్యుత్ పరిమితి వల్ల తగ్గి ఉంటుంది. అత్యధిక క్లాక్‌ను అందుకునేది ఒక్క కోర్ తేలికపాటి పని చేస్తున్నప్పుడు. అందుకే రాత్రంతా భారాన్ని మోసిన కంప్యూటర్ తెల్లవారి బ్రౌజర్ తెరవగానే, లేదా ఏ పనీ లేకుండా ఉన్నప్పుడు రీస్టార్ట్ కావచ్చు. ఒక్కో కోర్‌ను విడివిడిగా, భారాన్ని పెంచుతూ తగ్గిస్తూ పరీక్షించడం తప్పనిసరి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ పేరుతో నమోదయ్యే హార్డ్‌వేర్ లోపాలు క్రాష్ కాకముందే హెచ్చరిక ఇస్తాయి, వాటిని చూసే అలవాటు ఉండాలి.

క్రాష్ కాకపోవడం కూడా పూర్తి రుజువు కాదు. వోల్టేజీ మరీ తక్కువైనప్పుడు రైజెన్ చిప్‌లు క్లాక్‌ను క్షణికంగా సాగదీస్తాయి. తెర మీద 5 గిగాహెర్ట్జ్ పైనే కనిపిస్తుంది, అసలు జరిగే పని తగ్గుతుంది. ఆర్‌టీఎక్స్ 30 తరం నుంచి జీడీడీఆర్6ఎక్స్ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డులు పాడైన డేటాను గుర్తించి తిరిగి పంపుకుంటాయి, కాబట్టి మెమరీ వేగాన్ని అతిగా పెంచినప్పుడు తెర మీద మచ్చలు రాకుండానే ఫ్రేముల సంఖ్య పడిపోతుంది. రెండు సందర్భాల్లోనూ క్లాక్ అంకెను చూసేవారు మోసపోతారు. ప్రతి మార్పు తర్వాత ఒకే బెంచ్‌మార్క్‌ను అనేకసార్లు నడిపి, ఫలితం నిజంగా పెరిగిందా అని చూడటమే నమ్మదగిన కొలత.

మెమరీ పరీక్షకు అత్యంత ప్రాముఖ్యం ఇవ్వాలి. ప్రాసెసర్ లోపం సాధారణంగా క్రాష్ రూపంలో తెలుస్తుంది. మెమరీ లోపం నిశ్శబ్దంగా ఫోటోల్లో, డాక్యుమెంట్లలో, చివరికి ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లలో చేరి, అక్కడి నుంచి బ్యాకప్‌లోకీ వెళ్తుంది. మెమ్‌టెస్ట్86 వంటి పరీక్షలో ఒక్క లోపం కనిపించినా ఆ అమరికను వదిలేయాల్సిందే, ఇందులో మినహాయింపు లేదు. ముఖ్యమైన ఫైళ్లు ఉన్న డిస్కును పరీక్షలు ముగిసేదాకా తీసి పక్కన పెట్టడం తెలివైన పని.

ఆయుష్షు, వారంటీ

వోల్టేజీ, ఉష్ణోగ్రత పెరిగితే చిప్ రెండు విధాలుగా అరుగుతుంది. కరెంటు తాకిడికి లోహపు తీగల్లోని పరమాణువులు నెమ్మదిగా జరిగిపోయే ఎలక్ట్రోమైగ్రేషన్ ఒకటి. ట్రాన్సిస్టర్లు స్విచ్ కావడానికి కావలసిన వోల్టేజీ కాలక్రమంలో పెరగడం మరొకటి. రెండూ ఉష్ణోగ్రతతో సరళంగా కాకుండా చాలా వేగంగా పెరుగుతాయి. ద్రవ హీలియం పోసి 9 గిగాహెర్ట్జ్ దాటించే రికార్డు ప్రయత్నాల్లో వాడే వోల్టేజీలను ఇంటి కంప్యూటర్‌కు ప్రమాణంగా తీసుకోకూడదు. అక్కడ చిప్ నిమిషాల పాటు బతికితే చాలు. అండర్‌వోల్టింగ్ ఈ అరుగుదలను తగ్గించే దిశలో పనిచేస్తుంది, దాని వల్ల వచ్చే అస్థిరత్వం అమరికను వెనక్కి తీసుకుంటే పోతుంది. తగ్గించి చూడటంలోని నష్టాన్ని సరిదిద్దుకోవచ్చు, పెంచి చూడటంలోని నష్టాన్ని ఎల్లవేళలా సరిదిద్దుకోలేం.

నిర్దేశిత పరిమితులు దాటి నడపడం వల్ల కలిగిన నష్టాన్ని ఇంటెల్, ఏఎండీ రెండూ మామూలు వారంటీ కింద భరించవు. ఓవర్‌క్లాకింగ్ వల్ల చెడిన చిప్‌ను మార్చి ఇచ్చేందుకు ఇంటెల్ విడిగా అమ్మిన రక్షణ పథకాన్ని 2021లో నిలిపివేసింది.

అరుగుదల వల్ల, ఈరోజు అంచున స్థిరంగా ఉన్న అమరిక రెండు మూడేళ్లకు అదే వోల్టేజీతో నడవకపోవచ్చు. పరీక్షలో తేలిన కనీస వోల్టేజీ మీద కొంత వెసులుబాటు కలిపి స్థిరపరచడం, ప్రతి అమరికనూ తేదీతో రాసి ఉంచడం, బయాస్ అప్‌డేట్ చేసినప్పుడల్లా పాత విలువలను యథాతథంగా ఎక్కించకుండా మళ్లీ పరీక్షించడం ఇందుకే అవసరం. కొత్త ఫర్మ్‌వేర్‌లో అదే అంకెకు బోర్డు ఇచ్చే అసలు వోల్టేజీ మారి ఉండవచ్చు.